గోడలు దాటిన వైరు

మా ఆయన కరెంటు లైన్‌మన్, నేను లైబ్రేరియన్. మా పెళ్ళిలో చుట్టాలు దీన్ని తెగ ముచ్చటపడ్డారు. పిల్లగాడు కరెంటు బుగ్గ వెలిగిస్తే పిల్ల దాని కింద పుస్తకాలు చదివిస్తుందని ఒకటే పరాచికాలు. మా ఆయన వెలుగు ఇచ్చేది ఎంతో, తీసుకుపోయేదీ అంతేనని పాపం వాళ్ళకు తెలియదు. నాకూ కాపురానికి వచ్చాకే తెలిసింది.

తాండూరులో మేముండే వాడకి ఆయనే లైన్‌మన్. బిల్లు కట్టని ఇంటి ముందు బండి ఆపి, ఒకసారి పిలిచి, పలికితే మంచిమాటలు చెప్పి, పలకకపోతే మీటరు పక్కనున్న తెల్లటి పింగాణీ ఫ్యూజు పీకి సంచిలో వేసుకుంటాడు. దాని మీద ప్లాస్టరు ముక్క అతికించి ఇంటి నంబరు రాస్తాడు. సాయంత్రం ఇంటికొచ్చి వాటిని మా వంటింటి కిటికీలో వరసగా పెడతాడు, పళ్ళ డాక్టరు పీకిన పళ్ళు దాచుకున్నట్టు. డబ్బు కట్టినవాళ్ళు కిటికీ బయట నిలబడి ఫోనులో రశీదు చూపిస్తే వాళ్ళ ఫ్యూజు వాళ్ళకు ఇవ్వాలి. ఆయన ఇంట్లో లేకపోతే ఆ పని నాదో, మా అత్తమ్మదో. తిట్లు కూడా ఆ కిటికీలోంచే లోపలికి వస్తాయి. పోపు వేసుకుంటూ తిట్లు వినడం నాకు అలవాటైపోయింది.

మా అత్తమ్మది మర్పల్లి వైపు. వయసులో ఉన్నన్నాళ్ళూ పత్తి ఏరి, కంది కోసి, ఒక్క కొడుకునీ ఐటీఐ చదివించింది. ఆదివారం చర్చికి పోయి వచ్చాక ఎవరినీ ఒక్క మాట అనదు. సోమవారం నుంచి శనివారం దాకా మా ఇంట్లో ప్రతిపక్షం ఆమే. ఇల్లు ఆమె పేరు మీద ఉంది, కరెంటు మీటరూ ఆమె పేరు మీదే ఉంది. ఆ సంగతి ఆమె మరిచిపోదు, మమ్మల్ని మరిచిపోనివ్వదు.

వాడవాళ్ళ కోపం ఒక్కటే. మేము నాలుగు రోజులు ఆలస్యం చేస్తే ఫ్యూజు పీకుతావు, సర్కారు ఆఫీసులు ఏళ్ళ తరబడి బిల్లు కట్టకపోయినా పంకాలు తిరుగుతూనే ఉంటాయి, అక్కడికి ఎందుకు పోవు అని. వెనక సందులో ఉండే బండల పాలిష్ పనాయన ఈ మాట అందరికంటే గట్టిగా అనేవాడు. బండపొడి పట్టి తల నుంచి పాదాల దాకా తెల్లగా ఉండేవాడేమో, కోపమొస్తే కళ్ళొక్కటే ఎర్రగా కనిపించేవి. ఆయన కిటికీ బయట అరుస్తుంటే లోపల అత్తమ్మ తలూపుతూ, ఆయన చెప్పిందాంట్లో తప్పేముందని కొడుకునే నిలదీసేది. మా ఆయన అన్నం కలుపుకుంటూ, పైనుంచి ఆర్డరు రావాలె అవ్వా అనేవాడు. ఆ పై ఎక్కడుందో నాకు ఈ రోజుకీ తెలియదు.

చివరికి ఒక చలికాలం ఆ ఆర్డరు వచ్చింది. బకాయి ఉంటే సర్కారు ఆఫీసుల ఫ్యూజులు కూడా పీకమన్నారు. వాడంతా పండగే. పాలిష్ పనాయన మా ఆయన్ని రోడ్డు మీద ఆపి మరీ చాయ్ తాగించాడు. పెద్ద పెద్ద గేట్లున్న చోట్ల సార్లు ఫోన్లు చేసుకున్నారు, గడువులు దొరికాయి. గేటే లేని చోటికి ముందుగా వచ్చారు. అది నా పఠనమందిరం.

మా ఇంటి వెనక సందు దాటితే వస్తుంది అది. పేరుకు సర్కారు గ్రంథాలయమే కానీ ఒక హాలు, ఒక స్టోరు గది, కింద తాండూరు బండలు, పైన రేకులు. పొద్దున పెద్దమనుషులు పేపర్ల కోసం వస్తారు. సాయంత్రం ఉద్యోగాల పరీక్షలకు చదివే పిల్లలు వస్తారు. బిల్లు కట్టాల్సింది జిల్లా ఆఫీసు. నేను రాస్తూనే ఉన్నాను, వాళ్ళు చూస్తామంటూనే ఉన్నారు. మీటరు మాత్రం ఎవరి కోసమూ ఆగకుండా తిరుగుతూనే ఉంది.

ఆ రోజు మా ఆయన యూనిఫాం చొక్కా గుండీలన్నీ పెట్టుకుని వచ్చాడు. ఇంట్లో నన్ను పేరుతో పిలిచే మనిషి, అందరి ముందు మేడం అన్నాడు. బకాయి సంగతి చెప్పి, బిల్లు ఎప్పుడు కడతారని అడిగాడు. పైసలు పైనుంచి రావాలి సార్ అన్నాను. పేపరు చదివే పెద్దమనుషులు ముఖాలు పేపర్ల వెనక దాచుకుని నవ్వారు. ఆయన ఫ్యూజు పీకాడు, ప్లాస్టరు అతికించాడు, సంచిలో వేసుకున్నాడు. ఆ రాత్రి వంటింటి కిటికీలో నా లైబ్రరీ ఫ్యూజు కూడా వచ్చి కూర్చుంది. నేను బీరకాయ కూర వండాను. అది ఆయనకు గిట్టదు. కంచం ఖాళీ చేసి లేచాడు.

మర్నాటి నుంచి కొత్త తిట్లు మొదలయ్యాయి, ఈసారి నాకు. ఫ్యూజు నీ ఇంట్లోనే ఉంది కదా, కొంగులో పెట్టుకొచ్చి తగిలించరాదా అని. నిజమే, చేయి చాపితే అందుతుంది. పొద్దున చాయ్ పెట్టేటప్పుడు అది నా కళ్ళెదుటే ఉండేది. కానీ అది ఆయన ఉద్యోగం. పోయిన ఏడాది ఎవరో తెలిసినవాళ్ళకు ఫ్యూజు ముందే ఇచ్చేశాడని ఆయన తోటి లైన్‌మన్‌ని నెలల తరబడి ఇంట్లో కూర్చోబెట్టారు. అందుకని నేను చాయ్ మీదే దృష్టి పెట్టి అటు చూడడం మానేశాను.

పగలు చదివేవాళ్ళకు ఇబ్బంది లేదు, కిటికీలు పెద్దవి. సాయంత్రం పిల్లల్లో సగం మంది వేరే చోట్లు చూసుకున్నారు, మిగతావాళ్ళు చీకటి పడగానే ఇళ్ళకు పోయేవాళ్ళు. ఎటూ పోలేనిది ఒక్కతే ఉంది. ఆ పిల్ల కోసమే ఇదంతా రాస్తున్నాను.

కొడంగల్ దగ్గర పల్లె ఆమెది. ఇంట్లో గొర్లు కాసుకుంటారు. తాండూరులో మేనత్త ఇంట్లో ఉండి, పగలంతా కందిపప్పు మిల్లులో పనిచేసి, సాయంత్రం లైబ్రరీకి వచ్చేది. జుట్టు మీద, కనుబొమల మీద పసుపుపచ్చటి కందిపొట్టు ఉండేది. కుళాయి దగ్గర ముఖం కడుక్కుని, చున్నీతో తుడుచుకుని, కిటికీ పక్క కుర్చీలో కూర్చుంటే నేను తలుపులు వేసేదాకా తల ఎత్తేది కాదు. మేనత్త ఇల్లు ఒకటే గది. అందులో ముగ్గురు పిల్లలు, ఒక టీవీ, ఎప్పుడూ దగ్గే మామ. అక్కడ చదువు సాగదు.

వాళ్ళ నాన్న ఒకసారి ఆమెను చూడ్డానికి లైబ్రరీకి వచ్చాడు. గొంగడి భుజాన వేసుకుని, లోపలికి రాకుండా గుమ్మం బయటే నిలబడ్డాడు. రమ్మన్నా రాలేదు. మోకాళ్ళు పోయాయని, మంద వెనక నడవలేకపోతున్నానని నాతో చెప్పాడు. కోపంగా చెప్పలేదు, బతిమాలుతున్నట్టు చెప్పాడు. "గీ పరీక్ష వరకు సదువుకోమన్న మేడం. గిది రాకుంటె ఇంటికొచ్చి మంద చూస్కోవాలె. నాకు మాత్రం ఎవరున్నరు." ఆ పిల్ల తల వంచుకుని విన్నది. ఆ మాటకు ఆమె ఒప్పుకుందని నాకు అర్థమైంది.

పరీక్షకు ఇంకా కొన్ని వారాలే ఉన్నాయి. అప్పుడే నా హాల్లో చీకటి పడింది. చలికాలం, మిల్లు నుంచి ఆమె వచ్చేసరికి కిటికీలో వెలుగు ఉండేది కాదు. మొదటి రెండు సాయంత్రాలు ఫోను లైటు పెట్టుకుని చదివింది. ఫోను చచ్చిపోతే, మెట్ల మీద కూర్చుని వీధి దీపం వైపు పుస్తకం వంచింది. నేను తలుపు దగ్గర నిలబడి చూశాను. ఇంటికి పోయి అత్తమ్మ దగ్గర ఏడ్చాను. మా ఆయన మీద కాదు, ఎవరి మీదో తెలియని కోపం. అత్తమ్మ ఏమీ అనలేదు. అది నాకు వింతగా అనిపించాల్సింది.

మూడోనాడు హాల్లో బుగ్గ వెలిగింది. వెనక కిటికీ ఊచల్లోంచి ఒక పసుపు వైరు లోపలికి వచ్చి, ఆ పిల్ల కుర్చీ మీద వేలాడుతోంది, చివర ఒక బుగ్గ. చుట్టూ ఇంకొందరు పిల్లలు కుర్చీలు జరుపుకున్నారు. ఎవరిచ్చారని అడిగితే వెనక టైలరన్న అనుకుంటా అని ఒకరన్నారు, తెలియదు మేడం అని ఇంకొకరన్నారు. నేను ఇంకా తరచి అడగలేదు. అడిగితే తెలుస్తుంది, తెలిస్తే ఆయనకు చెప్పాల్సి వస్తుంది. ఒకే మంచం మీద పడుకునే మనిషి దగ్గర ఇంత వైరు దాచడం చిన్న పనేమీ కాదు.

ఇంటి మీటరు మీద వాడుకునే కరెంటును గోడ దాటించి ఇంకో చోటికి ఇవ్వకూడదు. మీటరు తిరిగినా సరే, ఇచ్చినవాళ్ళ మీద కేసు రాస్తారు, జరిమానా వేస్తారు, ఫ్యూజు పీకుతారు. ఇది వాడలో అందరికీ తెలుసు. మా ఆయనే ఇంటింటికీ చెప్పి పెట్టాడు.

వారం గడిచిందేమో. ఒక సాయంత్రం ఆయన లైబ్రరీ మెట్ల దగ్గర బండి ఆపాడు. ఫ్యూజు లేని చోట లైటు వెలుగుతోందని వాళ్ళ ఆఫీసులో ఎవరో చెప్పారట, చూసి రమ్మని పంపారు. గుమ్మంలో నిలబడి లోపలికి చూశాడు. బుగ్గ చూశాడు, బుగ్గ కింద ఆ పిల్లను చూశాడు, వైరు చూశాడు. పిల్లలందరూ లేచి నిలబడ్డారు. కూర్చోమన్నట్టు చేత్తో సైగ చేసి, వైరు వెంబడి వెనక సందులోకి నడిచాడు. నేనూ ఆయన వెనకే పోయాను.

వైరు టైలరు ఇంటి గోడ మీదుగా పోయింది. టైలరు గబగబా మిషను తొక్కడం మొదలుపెట్టాడు, అందులో గుడ్డ లేదు. మా ఆయన అడిగితే, మాది కాదన్నా, మా మీదికెల్లి పోతుందంతే అన్నాడు. ఆ పక్కది పాలిష్ పనాయన ఇల్లు. వాళ్ళ పెరట్లో వైరును బట్టలారేసే తాడుతో కలిపి కట్టి, దాని మీద చీరలు, లుంగీలు ఆరేశారు. లుంగీలు పొద్దున్నే ఆరిపోయినవి. పాలిష్ పనాయన, సర్కారు ఫ్యూజులు పీకాలని అందరికంటే గట్టిగా అరిచిన మనిషి, లుంగీలకు అడ్డం నిలబడి ఆకాశం వైపు చూస్తున్నాడు. ఆయన భార్య నా వైపు చూసి నవ్వు ఆపుకోలేక లోపలికి పోయింది. అప్పుడు నాకు ఏదో అనుమానం మొదలైంది.

ఆ తర్వాత మేకలున్న ఇల్లు. వైరు మేకలు కొరకకుండా పాత పైపులో దూర్చి జాగ్రత్తగా గోడెక్కించారు. మా ఆయన ఆ పైపు మీద చెయ్యి వేసి ఒక క్షణం ఆగాడు. ఆ పైపు నిరుడు మా ఇంటి బాత్రూం బాగుచేసినప్పుడు మిగిలింది. గోడకు అవతల మా పెరడు. వైరు మా పెరట్లోకి దిగి, పూలకుండీల వెనకగా పోయి, అత్తమ్మ గది కిటికీలోకి దూరింది.

మేము లోపలికి పోయేసరికి అత్తమ్మ మంచం మీద కాళ్ళు కిందికి వేలాడేసి కూర్చుని ఉంది. ఆమె అలా కూర్చోదు, ఎప్పుడూ కాళ్ళు ముడుచుకునే కూర్చుంటుంది. చీర కుచ్చిళ్ళు మంచం పక్కనున్న ప్లగ్గును పూర్తిగా కప్పేశాయి. మా ఆయన ఆ కుచ్చిళ్ళ వైపు చూశాడు. ఆమె గోడ మీది క్యాలెండర్ వైపు చూసింది. వాడంతా ఏకమై ఒక వైరు లాగితే, తెలియనిది నాకూ ఆయనకూ మాత్రమే అన్నమాట.

ప్లగ్గు పీకడం ఒక్క నిమిషం పని. ఆయన పీకలేదు. వచ్చిన దారినే వెనక్కి నడిచి లైబ్రరీ మెట్ల మీద కూర్చున్నాడు. నేను పక్కన నిలబడ్డాను. ఎన్నింటికి మూస్తావని అడిగాడు. ఎనిమిదికి అన్నాను. సరే అని, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నాడు. లోపల పేజీలు తిప్పుతున్న చప్పుడు వినిపిస్తోంది. వాళ్ళ సారు ఫోను చేస్తే, ఇక్కడే ఉన్నాను సార్, చూస్తున్నాను అని చెప్పాడు. అబద్ధం కాదది. ఎనిమిదింటి దాకా అలాగే కూర్చుని నేరం జరగనిచ్చాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన మీద నాకు అంత ప్రేమ కలిగిన సాయంత్రం ఇంకోటి లేదు. చెప్పలేదు, చెబితే సిగ్గుపడతాడు.

ఆ పిల్ల బయటికొచ్చి, తడబడుతూ నమస్తే చెప్పి వెళ్ళిపోయింది. నేను తాళం వేశాను. ఇద్దరం ఇంటికొచ్చాం. ఆయన తిన్నగా మా మీటరు దగ్గరికి పోయి మా ఇంటి ఫ్యూజు పీకాడు. ఇల్లంతా చీకటైంది. ఫోను వెలుగులో కాగితం తీసి అత్తమ్మ ముందు కూర్చున్నాడు.

"అవ్వా, కేసు రాస్తున్న," అన్నాడు.

"రాయి కొడుకా," అంది అత్తమ్మ. "మీటరు నాది, పైసలు నావి. నా బుగ్గ నేను యాడ ఏలాడదీస్కుంటె నీకేంది?"

"నీ ఇంట్ల యాడన్న ఏలాడదియ్యి. గోడ దాటొద్దు."

"గోడ దాటకుంటె గా పిల్ల మంద ఎనక పోతది. నేను కూలికి పోయిన. నీ పెండ్లాం గవర్నమెంటు కుర్చీల కూసున్నది. గా పిల్ల ఎందుకు కూసోవద్దు?"

ఆయన తల వంచుకుని రాశాడు. అత్తమ్మ వేలిముద్ర వేసింది, ఒత్తి మరీ వేసింది. ఆ తర్వాత ముగ్గురం ఫోను వెలుగులో పొద్దుటి పప్పు, రొట్టె తిన్నాం. ఆమె తన కంచంలోంచి ఒక రొట్టె తీసి కొడుకు కంచంలో వేసింది. కోపంలో ఉన్నా అతని ఆకలి ఆమెకు తెలుస్తుంది.

మర్నాడు జరిమానా ఆమే కట్టింది. కొడుకు ఇవ్వబోతే తీసుకోలేదు, పింఛను డబ్బులు తీసింది. మా ఫ్యూజు మాకొచ్చింది. సాయంత్రం లైబ్రరీ మెట్ల మీద ఆ పిల్ల మళ్ళీ చీకట్లో నిలబడి ఉంటే, అత్తమ్మ పోయి ఆమె చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకొచ్చింది. ఆ పిల్లకు మస్తు సిగ్గు. తన వల్లే కేసైందని గుమ్మం దగ్గర కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అత్తమ్మ ఆమెను ముందుగదిలో ట్యూబులైటు కింద కూర్చోబెట్టి, కొడుకు వైపు తిరిగి, "వైరు గోడ దాటొద్దన్నవు. మనిషి దాటొచ్చు గద?" అంది. ఆయన నవ్వాడు. ఎన్నో రోజులకు నవ్వాడు. ఆ రోజు నుంచి అత్తమ్మ సీరియళ్ళు బంద్. ఆయన వంటింట్లోనే తిని, చప్పుడు కాకుండా పళ్ళెం కడిగి పెట్టేవాడు.

మిగతా పిల్లల సంగతేమిటని నేనే అన్నాను. వాళ్ళందరినీ మా ముందుగదిలో కూర్చోబెట్టలేం కదా. దానికి అత్తమ్మ దగ్గర మందు తయారుగా ఉంది. జిల్లా ఆఫీసుకు పోదాం పద అంది. నేను సెలవు పెట్టాను. పొద్దుటి రైల్లో ఇద్దరం వికారాబాద్ బయల్దేరాం. కిటికీ బయట కందిచేన్లు కోతకొచ్చి ఉన్నాయి. అవి చూసి ఆమె దారి పొడుగునా ఎవరి చేను బాగుంది, ఎవరిది లేదు అని చెబుతూనే ఉంది. సర్కారు ఆఫీసుకు పోతున్నామనే బెదురు ఆమెకు లేదు. బెదురంతా నాది. నేను ఆ ఆఫీసు మనిషిని, వాళ్ళు నన్ను బదిలీ చేసి ఎక్కడికైనా వెయ్యగలరు.

మా పెద్దసారు చెడ్డవాడేమీ కాదు. జుట్టు నెరిసిన, ఎప్పుడూ అలసిపోయినట్టుండే మనిషి. మమ్మల్ని చూడగానే, అమ్మా, పైసలు పైనుంచి రావాలె, నేనేం చేసేది అని మొదలుపెట్టాడు. నేను అదే మాట మా ఆయనకు చెప్పానని గుర్తొచ్చి నోరు మూసుకున్నాను. అత్తమ్మ సంచిలోంచి జరిమానా రశీదు తీసి, మడత విప్పి, బల్ల మీద చేత్తో సాపు చేసి పెట్టింది.

"సారూ, నీ లైబ్రరీకి నేను కరెంటు ఇచ్చిన. అందుకు నా కొడుకే నాకు జుర్మానా ఏసిండు. నేను కట్టిన. ఇగ నువ్వు గూడ కట్టు."

సారు రశీదు చదివాడు. ముందు నవ్వాడు. మళ్ళీ చదివాడు, ఈసారి నవ్వలేదు. కొడుకే వేశాడా అని నన్ను అడిగాడు. అవునన్నాను. అత్తమ్మను కుర్చీలో కూర్చోమని చాయ్ చెప్పించాడు. గుమాస్తాను పిలిచి చాలాసేపు గొంతు తగ్గించి మాట్లాడాడు. గ్రంథాలయ వారోత్సవాలకని దండలు, శాలువాలు, బ్యానర్ల కోసం పక్కన పెట్టిన పైసలున్నాయట. అవి మా బిల్లు కింద కట్టేలా రాసి సంతకం పెట్టాడు. ఆ ఏడు మా జిల్లాలో లైబ్రరీ పండగకు ఎవరికీ శాలువా కప్పలేదు. ఎవరూ పెద్దగా నొచ్చుకున్నట్టు నేను వినలేదు.

బిల్లు పడింది, హాల్లో లైట్లు వచ్చాయి, పిల్లలు తిరిగొచ్చారు. ఆ సాయంత్రం పాలిష్ పనాయన లైబ్రరీకి వచ్చాడు. పుస్తకం తీసుకోలేదు, పంకాలు తిరుగుతున్నాయో లేదో చూసి పోయాడు. ఆ పిల్ల మాత్రం పరీక్ష దాకా మా ముందుగదిలోనే చదివింది. అత్తమ్మ పోనివ్వలేదు. హాల్లో గాలి మస్తు చల్లగా ఉంటుందని ఒక సాకు, అక్కడ మగపిల్లలు దగ్గుతారని ఇంకో సాకు. అసలు సంగతి, ఆమెకు ఆ పిల్ల మీద పాశం పుట్టింది. రాత్రి పూట ఆ పిల్ల జుట్టులోని కందిపొట్టు దువ్వి తీస్తుంటే, ఆమె ముఖంలో నేను అంతకు ముందు చూడని మెత్తదనం ఉండేది. నాకు కొంచెం కుళ్ళు కూడా వచ్చింది.

ఫలితాలు రావడానికి చాలా నెలలు పట్టింది. ఆ మధ్యలో ఆ పిల్ల ఊరికి పోయి, నాన్న వెనక మందతో తిరిగింది. ఇక రాదులే అని మేము ఆశ వదులుకుంటున్న రోజుల్లో ఉద్యోగం వచ్చింది. పంచాయతీ కార్యదర్శి, కొడంగల్ దగ్గరే ఒక ఊళ్ళో. వాళ్ళ నాన్న మా ఇంటికి వచ్చాడు. ఈసారి గుమ్మం దాటి లోపలికి వచ్చాడు. అత్తమ్మ కోసం కొత్త గొంగడి తెచ్చి ఆమె కాళ్ళ దగ్గర పెట్టాడు. మంద సగం అమ్మేశానని మాత్రం చెప్పాడు. అత్తమ్మ కూడా ఏడ్చింది.

ఇదంతా అయి ఏడాదైనా కాలేదు. మొన్న ఎండాకాలం మొదట్లో ఆ పిల్ల ఫోను చేసింది. నాతో కుశలాలు మాట్లాడి, సారుకు ఇవ్వండి అంది. మా ఆయన స్పీకరు పెట్టాడు, అత్తమ్మ వినాలని. పంచాయతీ కరెంటు బకాయి చాలా పేరుకుందట. లైన్‌మన్ వచ్చి నీళ్ళ మోటరు ఫ్యూజు పీకుతానన్నాడట. ఊరికి తాగే నీళ్ళవే. పైసలెప్పుడొస్తాయని అతను అడిగితే, పైనుంచి రావాలె అని తన నోటితోనే చెప్పిందట. చెప్పి నాలుక కరుచుకుందట.

"మరేం జేసినవు బిడ్డా?" అని మా ఆయన అడిగాడు.

"ఆఫీసు ఫ్యూజు నేనే పీకి ఇచ్చిన సార్. మోటరు ముట్టుకోకు, బిల్లు వచ్చెదాక గిది నీ దగ్గర్నే పెట్టుకో అన్న. గాయన గూడ సరేనన్నడు. ఇప్పుడు ఫైళ్ళన్ని అరుగు మీద ఏస్కొని కూసుంటున్న. పోయేటోళ్ళు, వచ్చేటోళ్ళు చూస్తున్నరు. పైకి రాసిన కాగితం మీద ఊరందరు సంతకాలు పెట్టిండ్రు."

మా ఆయన కళ్ళద్దాలు తీసి చొక్కాతో తుడుచుకున్నాడు. మంచం మీంచి అత్తమ్మ మాత్రం వెంటనే అడిగింది, గీ ఎండల పంకా లేకుంటె ఎట్ల మరి బిడ్డా అని. అలవాటైపోయింది అవ్వా అని ఆ పిల్ల నవ్వింది.

మర్నాడు పొద్దున్నే అత్తమ్మ బజారుకు పోయి ఈతాకు విసనకర్ర కొన్నది. నేను తీసుకుపోతానంటే ఇవ్వలేదు. తనే బస్టాండుకు వచ్చి, కొడంగల్ బస్సు కదిలేదాకా కిటికీ పట్టుకుని నిలబడి, కండక్టరుతో ఊరి పేరు, ఆ పిల్ల పేరు రెండు మూడుసార్లు చెప్పించింది. పంచాయతీ ఆఫీసులో ఇస్తాలే అమ్మా అని అతను విసనకర్ర పైన పెట్టబోయాడు.

"ఆఫీసుల చూడకు," అంది అత్తమ్మ. "లోపట ఉండదు. అరుగు మీద ఉంటది, ఆడ చూసి ఇయ్యి."